గోడకు బిందెడు నీళ్లు

పగుళ్లు చూసే పని

నలభై ఏళ్లు నేను చేసిన పని గోడల్లో పగుళ్లు చూడడం. కార్డు మీద పునాదుల ఇంజనీరు అని గొప్పగా అచ్చేయించుకున్నాను గానీ, ఇంటికి ఎవరైనా వచ్చి నా గురించి అడిగితే మా ఆవిడ "ఎక్కడనో గోడ పగిలిందట, చూడనీకె పోయిండు" అనేది. ఆమె చెప్పిందే నిజం. గోడ పగిలిన చోటికి పోవడం, ఎందుకు పగిలిందో కనుక్కోవడం, ఏం చేస్తే నిలబడుతుందో రాసివ్వడం. అంతే నా ఉద్యోగం.

మొయినాబాద్ చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివిన పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు ఇంటికి వస్తారు. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే మంచిదని అడుగుతారు. నాకు తెలియదంటే నొచ్చుకుంటారు. నాకు బాగా తెలిసినవి నేను చేసిన తప్పులు. వాటిలో అన్నిటికన్నా పెద్దదాన్ని ఇక్కడ రాస్తున్నాను. దాన్ని నేను చాలా ఏళ్లు నా ఘనతగా చెప్పుకుని తిరిగాను. కాబట్టి అది తప్పని తెలిశాక అంతే గట్టిగా చెప్పడం న్యాయం.

ముందు మా పెద్దసారు గురించి రెండు మాటలు. నేను చేరింది పట్నంలో ఒక చిన్న ప్రైవేటు ఆఫీసులో. దాని యజమానిని అందరం పెద్దసారు అనేవాళ్లం. ఏ సైటుకు పోయినా ఆయన ముందు గోడ దగ్గరికి పోడు. వాచ్‌మన్‌ను పిలిచి చాయ్ తెప్పించి, వాడి పక్కనే ఏ రాయి మీదో కూర్చుంటాడు. నాకు అది బద్ధకంగా కనిపించేది. ఒకసారి మొయినాబాద్‌లో ఒక ఫాంహౌస్‌కు పంపారు. కొత్త గోడ, ఒక్క పక్కనే పగులుతోంది. నేను రెండు రోజులు కొలతలు తీసి ఏమీ తేల్చలేకపోయాను. మూడో రోజు పెద్దసారు వచ్చి చాయ్ తాగి లేచాడు. ఈత కొలను కడిగినప్పుడల్లా ఆ నీళ్లన్నీ ఆ గోడ వెనకకే వదులుతారని వాచ్‌మన్ ఆయనకు చెప్పాడు. ఒక్క చాయ్‌తో తేలిపోయింది.

నేను సిగ్గుపడి, ఆనాటి నుంచి ఎక్కడికి పోయినా వాచ్‌మన్‌తో చాయ్ తాగడం మొదలుపెట్టాను. పెద్దసారు నేర్పింది నేర్చుకున్నాననే అనుకున్నాను. నేర్చుకున్నది చాయ్ తాగడం ఒక్కటే. వినడం నాకు రాలేదని తెలియడానికి ముప్పై ఏళ్లకు పైగా పట్టింది.

నల్లరేగడి మీద గుడి

చేవెళ్లకు, మొయినాబాద్‌కు నడుమ ఒక చిన్న ఊళ్లో పాత మెథడిస్టు గుడి ఉంది. ఊరి పేరు రాయను. అక్కడివాళ్లు చర్చి అనరు, గుడి అనే అంటారు. నేను మొదటిసారి చూసేనాటికే దాని వయసు మూడు తరాలు దాటింది.

ఈ వృత్తిలో ఉండి కూడా నేను మనసారా ఇష్టపడిన కట్టడాలు తక్కువ. ఇది అందులో ఒకటి. బొమ్మ గీసి ఇచ్చింది మిషన్ దొర. కట్టింది పట్నం నుంచి వచ్చిన ఒక ముస్లిం మేస్త్రీ. దొర తన దేశపు గుళ్లలో ఉండే కొసతేలిన కమానుల కిటికీలు గీశాడట. మేస్త్రీ చేతికి అలవాటైనవి మసీదు కమానులు. చివరికి గోడలో నిలిచినవి రెండింటికీ చెందని కమానులు, మెడ దగ్గర మెత్తగా వంగి కొసన మాత్రం సూదిగా ఉంటాయి. నైరుతి మూలన గంట గోపురం. దూరం నుంచి చూస్తే ఏ జమీందారు గడి బురుజో అనుకుంటారు, పైన సిలువ ఉంది కాబట్టి సరిపోయింది. గోడలు నల్లరాయి, గానుగలో ఆడించిన డంగు సున్నం. పైన టేకు దూలాలు, బెంగుళూరు పెంకు. కింద షాబాద్ బండలు. ఎన్ని తరాల మోకాళ్లు ఆనాయో, పీఠం ముందున్న బండలు అద్దంలా నునుపెక్కాయి. మండే ఎండలో లోపలికి అడుగుపెడితే ఒళ్లు చల్లబడుతుంది. ఎత్తుగా పెట్టిన చిన్న కిటికీల వల్ల వెలుగు నేరుగా కంట్లో పడదు, గోడల మీద పడి మెత్తగా కిందికి దిగుతుంది. దీన్ని కట్టినవాళ్లకు పని తెలుసు.

తెలియనిదల్లా నాకే. ఆ గుడి నిలబడింది నల్లరేగడి మీద. ఆ నేల వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుపోయి చెయ్యి పట్టేంత నెర్రెలు ఇస్తుంది. అలాంటి నేల మీద, నిలువెత్తు లోతు కూడా లేని పునాదితో, అంత బరువైన రాతి గోపురం అన్నేళ్లు చిన్న గీత కూడా పడకుండా ఎలా నిలిచిందని నేను అడగాలి. అడగలేదు.

నేను ఆపించిన బిందెలు

ఉద్యోగంలో చేరిన కొన్నేళ్లకు ఆ సంఘం వాళ్లు మా ఆఫీసుకు కబురు పెట్టారు. గుడి లోపల గోడలకు కింద చెమ్మ ఎక్కుతోంది, సున్నం రాలుతోంది. పెద్దసారు నన్ను పంపాడు. ఎండాకాలం, ఆదివారం పొద్దున. నేను వెళ్లేసరికి ఒక దృశ్యం కనిపించింది. ఆరాధనకు వచ్చే ఆడవాళ్లూ మగవాళ్లూ ప్రతి ఇంటికీ ఒకరు చొప్పున, ఆవరణలోని బావి దగ్గర బిందె నింపుకుని, వరుసగా వచ్చి గుడి గోడ మొదట్లో నీళ్లు పోసి, బిందె బోర్లించి లోపలికి పోతున్నారు.

కాలేజీలో మాకు మొదట నేర్పేది పునాదికి నీళ్లు తగలకుండా చూసుకొమ్మని. వీళ్లు చేతులారా పోస్తున్నారు. ఇదేమిటని పాస్టరు గారిని అడిగితే, ఈస్టరుకు ముందు వచ్చే మట్టలాదివారం నుంచి మిరుగు వానలు, అంటే మృగశిర కార్తె వానలు పడేదాకా ప్రతి ఇల్లూ ఆదివారానికో బిందె గోడకు పోయాలని పెద్దల కాలం నుంచి ఉన్న ఆచారమని చెప్పారు. ఎందుకో ఆయనకూ తెలియదు. ఆయన వేరే జిల్లా మనిషి, వచ్చి ఏడాదే అయింది.

గుడి ఊడ్చి గంట కొట్టే పని ఎస్తేరు అనే ఆమెది. నాకన్నా ఓ పదేళ్లు పెద్ద. చీపురు పక్కన పెట్టి దగ్గరికి వచ్చి నిలబడింది. నేను ఆచారం ఆపెయ్యాలని పాస్టరు గారికి చెబుతుంటే విని, తనే కల్పించుకుంది.

"ఎండకాలం భూమి నోరు తెరుస్తది సారూ. దానికి దూపైతే గోడ కిందికెల్లి గుంజుకుంటదని మా తాత చెప్తుండె. గుడి కట్టేటప్పుడు రాళ్లు మోసినోడు మా తాత."

దూప అంటే మా దిక్కు దాహం. భూమికి దాహం వేస్తే గోడను గుంజుతుందట. నేను నవ్వాను. ఎగతాళిగా కాదు, మర్యాదగానే నవ్వానని అప్పుడు అనుకున్నాను. "ఏమమ్మా, గోడ ఏమన్న గేదెనా నీళ్లు తాగనీకె" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. ఆమె చీపురు తీసుకుని వెళ్లిపోయింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మాది శంకర్‌పల్లి వైపు భూములున్న కుటుంబం. నా చిన్నప్పుడు మా బావి గట్టు మీదికి వీళ్ల కులం వాళ్లను ఎక్కనిచ్చేవాళ్లు కాదు. ఎవరైనా తోడి పోస్తే దోసిలి పట్టి తాగేవాళ్లు. ఈ ఊళ్లోనూ అంతే. గుడి కన్నా ముందు మిషన్ వాళ్లు ఆ ఆవరణలో బావి తవ్వించారు. ఆ నీళ్లతోనే సున్నం నానబెట్టి గుడి కట్టారు. సంఘం వాళ్లు తమ చేత్తో తోడుకున్న మొదటి బావి అది. అందులోంచి ఒక బిందె గుడికి ఇవ్వడం వాళ్లకు ఎంత విలువైనదో, ఆ చుట్టుపక్కలే పుట్టిన నాకు తట్టి ఉండాల్సింది. అదే మాట ఒక ప్రొఫెసరు చెప్పి ఉంటే కాగితం తీసి రాసుకునేవాణ్ని. ఊడ్చే ఆమె చెప్పింది కాబట్టి నవ్వాను.

నేను ఇచ్చిన రిపోర్టులో మూడు సలహాలు. నీళ్లు పోయడం తక్షణం ఆపాలి. పైకప్పు నీళ్లు దూరంగా పోయేలా గొట్టాలు పెట్టాలి. నేలలో చెమ్మ పీల్చుకోవడానికి పడమర, దక్షిణం వైపుల నీలగిరి చెట్లు వరుసగా నాటాలి. పాస్టరు గారు ప్రకటన చేశారు, సంఘం విన్నది. రెండేళ్లలో గోడలు ఆరిపోయాయి. మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. పెద్దసారు భుజం తట్టాడు. ఆ తర్వాత కాలేజీల్లో ఉపన్యాసానికి పిలిస్తే గోడకు నీళ్లు పోసే ఊరి కథ తప్పకుండా చెప్పేవాణ్ని. పిల్లలు పగలబడి నవ్వేవారు. ఇన్నేళ్లు ఎంతమందిని నవ్వించానో లెక్క లేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ప్రభాకర్ ఫోను

రిటైరైన కొన్నేళ్లకు ఒక ఫోను వచ్చింది. ఆ సంఘానికి కార్యదర్శినని చెప్పాడు, పేరు ప్రభాకర్, పట్నంలో ఐటీ ఉద్యోగం, రోజూ ఊరి నుంచే పోయి వస్తాడు. గంట గోపురం పగిలిందని, గుడి కూలగొట్టి కొత్తగా స్లాబు హాలు కట్టాలని కమిటీ అనుకుంటోందని చెప్పాడు. పెద్దవాళ్లు ఒప్పుకోవడం లేదు. వెనకటికి నేను చేసిన మరమ్మతు అందరికీ గుర్తుంది కాబట్టి, ఇది ఇక నిలవదని నేను ఒక కాగితం రాసిస్తే వాళ్లు కాదనరు. అతను నా దగ్గర కోరింది అదే.

అతనిది తొందరపాటు అనుకున్నాను. కానీ తర్వాత చెప్పింది విని వచ్చి చూస్తానన్నాను.

"గోపురం కింద పిల్లల సండే స్కూలు నడుస్తది సార్. పోయిన నెల పెద్ద పెళ్ల ఊడి మా బిడ్డ పక్కన పడ్డది. దానికి ఏడేండ్లు. జర అటు జరిగి కూసుంటె ఏమయ్యేదో. మా నాయనమ్మ గుడి పోవద్దని ఏడుస్తది. నేనేం చెయ్యాలె చెప్పున్రి."

నాయనమ్మ ఎవరని అడిగాను. ఎస్తేరవ్వ అన్నాడు. పేరు విన్నట్టే అనిపించింది గానీ, నిజం చెబుతున్నాను, వెంటనే గుర్తు రాలేదు.

మరుసటి వారం వెళ్లాను. దారి పొడవునా ఫాంహౌస్ గేట్లు, కాలేజీ బస్సులు, వెంచర్ల బోర్డులు. గుడి మాత్రం అక్కడే ఉంది. నేను నాటించిన నీలగిరి చెట్లు గోపురాన్ని మించి పెరిగాయి. వాటి నీడన గోపురం మొదట్లోంచి పైదాకా ఒక పగులు పాకింది. నా చిటికెన వేలు అందులో సులువుగా దూరింది. వయసైన కట్టడం, పాత పునాది, ఇంకేముంది అనుకున్నాను. కాగితం రాయడానికి మనసులో సగం సిద్ధమయ్యాను కూడా. ఆ పగులు చేసినవాణ్ని నేనేనన్న అనుమానం అప్పటికి ఇసుమంతైనా లేదు.

ఈశాన్యపు మూల

అయినా అలవాటు ప్రకారం నాలుగు మూలల మట్టం చూశాను. దానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. మేస్త్రీలు వాడే నీళ్ల పైపు చాలు. మూడు మూలలు దిగిపోయాయి, గోపురం ఉన్న నైరుతి మరీ ఎక్కువ. ఈశాన్యం మాత్రం వెంట్రుకవాసి కూడా కదలలేదు. ఆ మూల గోడలో చిన్న పగులు కూడా లేదు.

వాస్తు చూసే ఒకాయన వచ్చి ఈశాన్యం బలమని చెప్పిపోయాడని ప్రభాకర్ నవ్వుతూ అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఒకే గుడి, ఒకే నేల, ఒకే మేస్త్రీ. ఒక్క మూల ఎందుకు నిలబడింది? వంగి నేల చూశాను. ఆవరణంతా నెర్రెలు విచ్చి ఉంటే, ఆ మూలన గోడకు గజం దూరంలో ఓ జానెడు మేర పచ్చగా గడ్డి. వేలు పెడితే మట్టి తడిగా ఉంది.

ఇక్కడ నీళ్లు ఎవరు పోస్తారని అడిగాను. ప్రభాకర్‌కు తెలియదు. గోడ నీడన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న ముసలామె, నేను వచ్చినప్పటి నుంచి నన్నే చూస్తున్నది, జవాబిచ్చింది. "నేనే పోస్త. మీరు వద్దన్న కాన్నుంచి పోస్తనే ఉన్న."

అప్పుడు గుర్తుపట్టాను. చీపురు పక్కన పెట్టి వచ్చిన ఎస్తేరు. నేను పక్కన కూలబడ్డాను. వద్దన్నా ఎందుకు పోశావు అవ్వా అని అడిగాను.

"మీరు సదువుకున్న సారు. మీ మాట పాస్టరయ్య ఇన్నడు, సంఘం ఇన్నది. నేను గుడి ఊడ్చెటిదాన్ని, నా మాటెవరింటరు. అందరు పోయినంక ఒక్క బిందె తెచ్చి ఈ మూలకు పోస్తుంటి. నాలుగు మూలలకు మొయ్య నాతోని కాలే సారూ."

ముప్పై ఏళ్లకు పైగా, ప్రతి ఎండాకాలం, ఒక మనిషి, ఒక బిందె, ఒక మూల. ఎవరికీ చెప్పలేదు, ఎవరినీ అడగలేదు. నాకు ఏడుపు వచ్చింది. దగ్గు వచ్చినట్టు నటించి కాసేపు అటు తిరిగాను.

తర్వాత ఇద్దరు కూలీలను పెట్టి రెండు మూలల దగ్గరా గుంతలు తవ్వించాను. నైరుతిలో మట్టి బొగ్గులా ఎండి పగిలిపోయింది. నీలగిరి వేర్లు పునాది రాళ్ల కిందిదాకా పోయి ఉన్న చెమ్మంతా పీల్చేశాయి. ఈశాన్యంలో మట్టి బిగువుగా, ముద్దగా ఉంది. రెండు చోట్లా ఇంకొకటి కూడా బయటపడింది. గోడకు గజం దూరంలో, మట్టి కింద, గుడి చుట్టూ తిరిగే ఇసుక కాలువ. మేస్త్రీ కట్టిన నాడే దాన్ని తవ్వి ఇసుక నింపాడు. నీళ్లు అందులో పోస్తే మెల్లగా ఇంకి పునాది కింది నేలను ఏడాది పొడవునా ఒకే తీరున ఉంచుతాయి. గోడకు చెమ్మ తగలదు. కాలం గడిచాక కాలువ మట్టిలో పూడిపోయింది, జనం గోడ మొదట్లోనే పోయడం మొదలుపెట్టారు. నేను వచ్చినప్పుడు చూసిన చెమ్మకు కారణం అదే. నేను చెప్పాల్సింది ఒక్కటే, బిందెను గజం దూరం జరపమని.

కాలువ సంగతి నీకు తెలుసా అని అవ్వను అడిగాను. తెలుసు, తాత చెప్పాడు, అందుకే తను ఎప్పుడూ గోడకు దూరంగానే పోసేదట. మరి ఆ రోజు నాకు ఎందుకు చెప్పలేదన్నాను. ఆమె నా మొహంలోకి చూసింది.

"మీరు నవ్వుతుంటిరి సారూ. నవ్వెటోళ్లకు ఏం చెప్పాలె."

నా రిపోర్టు నేనే చదవడం

ఇంటికి వచ్చి మూడు రోజులు సరిగా తినలేదు. గుడి నిలుస్తుందని నాకు తెలిసిపోయింది. చెట్లు ఒక్కసారిగా కొట్టకూడదు, కొడితే నేల ఉబ్బి ఇంకో తీరున పగులుతుంది. విడతలుగా తీయాలి. కాలువ పూడిక తీసి నీళ్లు మళ్లీ మొదలుపెట్టాలి. గోపురానికి ఊతాలు పెట్టి, నేల కుదుటపడ్డాక పగులును రాయితో, డంగు సున్నంతో కుట్టాలి. ఒకప్పుడు నా దగ్గర పనిచేసి ఇప్పుడు సొంత ఆఫీసు పెట్టుకున్న అమ్మాయిని తీసుకుపోయి మళ్లీ చూపించాను. ఇందులో నా పరువు కలిసి ఉంది, నా కళ్లను నేను నమ్మదలుచుకోలేదు. ఆమె కూడా అదే చెప్పింది.

మిగిలింది సంఘానికి చెప్పడం. ఒక సులువైన దారి ఉంది. తప్పు చెట్లదని చెప్పి ఊరుకోవచ్చు. ఎవరు నాటమన్నారని ఎవరూ అడగరు. పాత రిపోర్టు ఉన్న ఫైలు ప్రభాకర్ నా చేతికే ఇచ్చాడు, అందులో కాగితం ఎవరూ తిరగేసినట్టు లేదు. దాన్ని వెనక్కి ఇవ్వకపోయినా అడిగేవాళ్లు లేరు. ఈ ఆలోచన రాలేదని చెబితే అబద్ధం. కారులో చేవెళ్ల దాకా అదే ఆలోచన.

ఆరాధన అయ్యాక అందరూ బండల మీదే కూర్చున్నారు. లేచి నిలబడి ఫైలు తెరిచి, నా రిపోర్టు నేనే పైకి చదివాను. తేదీ, సంతకంతో సహా. నీళ్లు తక్షణం ఆపాలి అన్న వాక్యం రెండుసార్లు చదివాను. చదవడం అయ్యాక, ఇందులో చెప్పిన రెండు మాటలు, నీళ్లు ఆపమనడం, చెట్లు నాటమనడం, తప్పని, గోపురం పగలడానికి కారణం గుడి ముసలితనం కాదని, నేనని చెప్పాను. ఎస్తేరవ్వ ఆనాడే కారణం చెప్పిందని, నేను నవ్వానని కూడా చెప్పాను.

వెనక వరసలో ఒక పెద్దాయన తల అడ్డంగా ఊపుతూ బయటికి వెళ్లిపోయాడు. ఆయన తల్లి, నీళ్లు ఆపిన ఏడు బిందె పట్టుకుని వచ్చి, వద్దంటే నిండు బిందెతో ఇంటికి తిరిగిపోయిందని తర్వాత తెలిసింది. ఆ కోపం నాకు రావలసిందే.

చివరికి ప్రభాకర్ లేచాడు. కోపంగా లేడు, ఏడేళ్ల బిడ్డ అతని పక్కనే కూర్చుని ఉంది.

"అప్పుడు కూడ మీరు గిట్లనే గట్టిగ చెప్పి ఉంటరు కద సార్. ఇప్పుడు చెప్పేది నిజమని ఎట్ల నమ్మాలె? మా పిల్లల్ని ఎట్ల కూసోబెట్టాలె దాని కింద?"

ఇంతకన్నా మంచి ప్రశ్న నన్ను నా సర్వీసులో ఎవరూ అడగలేదు.

"నన్ను నమ్మకున్రి" అన్నాను. "పిల్లల్ని ఇయ్యాలటి నుంచే గోపురం కింద కూసోబెట్టకున్రి. పగులు మీద గాజు ముక్కలు అతికిస్త. గోడ జర కదిలినా గాజు పగులుతది. ఒక్క ఏడు చూడున్రి. పగిలితే కూలగొట్టమని నేనే రాసిస్త."

కమిటీ ఒప్పుకుంది. సంతోషంగా కాదు, వేరే దారి లేక. గాజు ముక్కలు పగులుకు అడ్డంగా తొమ్మిది అతికించాం. ప్రతి ఆదివారం వాటి ఫోటో తీసే పని ప్రభాకర్ తనే తీసుకున్నాడు.

గాజు చెప్పింది

కాలువ పూడిక తీశాక వచ్చిన మొదటి ఆదివారం నేను పోలేదు. మొహం చెల్లలేదు. బిందెలు మళ్లీ మొదలయ్యాయని ప్రభాకర్ ఫోటో పంపాడు. బావి ఎప్పుడో ఎండిపోయింది, ఇప్పుడు బోరు నల్లా. రాగి, ఇత్తడి బిందెల బదులు రంగురంగుల ప్లాస్టిక్‌వి. కొందరైతే నీళ్ల సీసాలు తెచ్చారు. కాలువకు పైన చిన్న బండలు పేర్చి గుర్తు పెట్టుకున్నారు.

ఏడాది పొడవునా ఆదివారం మధ్యాహ్నాలు నేను ఫోను పక్కనే పెట్టుకుని కూర్చునేవాణ్ని. మిరుగు వానలకు నేల ఉబ్బినప్పుడు ఒక గాజుకు సన్నని గీత పడింది. రెండు రోజులు నిద్ర లేదు. అది అంతకన్నా పెరగలేదు. ఇంకొకటి పిల్లల బంతి తగిలి పగిలింది, ఆ సంగతి ప్రభాకర్ ముందే చెప్పకుండా ఫోటో పంపి నన్ను కాసేపు చంపాడు. మిగిలిన ఏడూ వానాకాలం దాటాయి, చలికాలం దాటాయి, మళ్లీ ఎండలు వచ్చాయి, చెక్కు చెదరలేదు.

కూలగొట్టే ఆలోచన మానుకున్నామని చెప్పడానికి ప్రభాకర్ ఇంటికే వచ్చాడు, బిడ్డను కూడా తీసుకుని. వచ్చే మట్టలాదివారానికి తప్పకుండా రమ్మన్నాడు. ఈసారి వెళ్లాను.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. మీరు పోయే ప్రతి పాత కట్టడం దగ్గర, మీకు అర్థం లేనిదిగా కనిపించే పని ఒకటి ఎవరో ఒకరు చేస్తూ ఉంటారు. ఆపించే ముందు ఎందుకు చేస్తున్నారని అడగండి. జవాబు మీకు నవ్వు తెప్పిస్తే, ఆ రోజు రిపోర్టు రాయకండి.

ఆ పొద్దున నేను పోయేసరికి బిందెల వరుస సాగుతోంది. మట్టలు పట్టుకున్న పిల్లలు గోపురానికి దూరంగా, చెట్లు తీసిన చోట ఆడుకుంటున్నారు. ఎస్తేరవ్వ ఈశాన్యపు మూలన కుర్చీలో ఉంది. పక్కన సగం నింపిన చిన్న స్టీలు బిందె. ఆమెకు ఇప్పుడు నిండు బిందె లేవడం లేదు. దాన్ని పట్టుకుని కుర్చీలోంచి లేవబోయింది. నేను గబగబా పోయి బిందె అందుకోబోయాను, నేను పోస్తాను అవ్వా అని.

ఆమె బిందెను గట్టిగా పట్టుకుంది.

"ఈ మూల నాది సారూ, నేను చూసుకుంట" అన్నది. తర్వాత గోపురం వైపు చెయ్యి చూపింది. "మీ మూల అది."

నల్లా దగ్గర వరుసలో నిలబడ్డాను. నా ముందు పదిమంది ఉన్నారు. ఎవరో ఒక ఎర్ర బిందె చేతిలో పెట్టారు. నింపుకుని, చొక్కా తడుపుకుంటూ గుడి చుట్టూ తిరిగి నైరుతి మూలకు పోయి, గజం దూరంలో కాలువలో పోశాను. నేను నడుము ఎత్తేలోగా నేల ఆ నీళ్లన్నీ తాగేసింది. ఇంకో బిందె కోసం మళ్లీ వరుసలోకి పోయాను.